మగజీవులు ఎందుకున్నట్టు?

అందరికీ నమస్కారం.

పరిణామం గురించి కథలు అల్లడం తేలిక. ఫలానా జీవి ఇలాగే పిల్లల్ని కంటుంది, దానివల్ల దానికి లాభం అనేస్తాం. ఆ లాభం లెక్కకు నిలుస్తుందా? సిమ్యులేషన్ (జీవుల బతుకును కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్) రాయడానికి కూర్చుంటే అక్కడే దొరికిపోతాం. ఎవరు ముందు తింటారు, ఎందర్ని కంటారు, ఎవరు చస్తారు, అన్నీ చెప్పి తీరాలి.

ఒక చిన్న లెక్క చూద్దాం. వెయ్యి జీవులు, సగం ఆడ, సగం మగ. తల్లికి ఇద్దరు పిల్లలు, సగటున ఒక కూతురు, ఒక కొడుకు. జనాభా వెయ్యి దగ్గరే ఆగుతుంది. అందులోకి మగతోడు అక్కర్లేని ఒక్క ఆడజీవిని వదులుదాం. దానికీ ఇద్దరే, కాకపోతే ఇద్దరూ కూతుళ్లే. తరానికి రెట్టింపు! పదో తరానికి ఆ సంతతి 1,024. మెజారిటీ వాళ్లదే. జీవశాస్త్రవేత్త జాన్ మేనార్డ్ స్మిత్ 1970లలో గట్టిగా ఎత్తిచూపిన చిక్కు ఇదే. ఈ లెక్కన మగజీవులు ఎప్పుడో మాయమైపోవాలి.

ఇప్పుడు అందులోకి పరాన్నజీవుల్ని కూడా వదలండి. ఏ జన్యురకం ఎక్కువగా ఉంటే దానికి తగ్గట్టు అవీ మారతాయి. తల్లికి నకళ్లుగా పుట్టిన కూతుళ్లందరికీ ఒకేసారి దెబ్బ తగులుతుంది. జన్యువులు కలగలిసి పుట్టినవాళ్లలో కొందరైనా బతికిపోతారు. హామిల్టన్, ఆక్సెల్‌రాడ్, టనీస్ అనే పరిశోధకులు 1990లో ఇలాంటి సిమ్యులేషన్‌తోనే, మగపిల్లల్ని కనడం వల్ల పడే ఆ రెట్టింపు ఖర్చు పెట్టి కూడా లైంగిక పునరుత్పత్తి నెగ్గగలదని చూపించారు. న్యూజిలాండ్ మంచినీటి నత్తల్లో జతకట్టి కనేవీ, ఒంటరిగా కనేవీ రెండు రకాలూ ఉన్నాయి. పరాన్నజీవుల బెడద ఎక్కువున్న చోట మగనత్తలూ ఎక్కువని జీవశాస్త్రవేత్త కర్టిస్ లైవ్లీ 1987లోనే చూపాడు.

అయితే ఫలితం రాగానే సంబరపడొద్దు. జీవుల జాబితాను ప్రోగ్రామ్ ప్రతిసారీ మొదటి నుంచే చదివితే, ముందున్నవాటికే మేత దొరుకుతుంది. అప్పుడు గెలిచింది వ్యూహం కాదు, వరస. అందుకే ప్రతి తరంలో జాబితా వరసను కలగాపులగం చేయాలి, యాదృచ్ఛిక సంఖ్యలు మార్చి వందలసార్లు నడపాలి. ఈ పని బోరే, కానీ నా దృష్టిలో అసలు సైన్స్ అంతా ఇక్కడే ఉంది.

ఇదే ప్రోగ్రామ్‌లో మూడో దారి కూడా పెట్టి చూడండి: చాలా తరాలు ఒంటరిగా కనడం, అప్పుడప్పుడూ జతకట్టడం. పేనుబంక పురుగులు, డాఫ్నియా అనే చిన్న నీటిజీవులు చేసేది అదే. కొద్దిపాటి లైంగిక కలయికతోనే చాలావరకు లాభం వచ్చేస్తుందని ఎన్నో మోడల్స్ చెబుతున్నాయి. మరి మనలా ప్రతి తరంలోనూ తప్పనిసరిగా జతకట్టే జీవులు ఇన్ని ఎందుకున్నాయో, ఆ చిక్కు ఇంకా విడలేదు.