నీతిబోధ పీరియడ్‌ను కాపాడుకుందాం

(క్యాథలిక్ ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

గౌరవనీయులైన ఫాదర్‌లకు, సిస్టర్లకు, తోటి ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు నమస్కారం.

క్యాథలిక్ హైస్కూలు అనగానే తెలుగునాట చాలామందికి క్రమశిక్షణ, ఇంగ్లీషు, పదో తరగతి ఫలితాలు గుర్తుకొస్తాయి. ఆ పేరు కష్టపడి సంపాదించుకున్నదే. అయితే 1847లో విశాఖపట్నంలో సెయింట్ అలోషియస్ పాఠశాలను, 1871లో సికింద్రాబాదులో సెయింట్ ఆన్స్‌ను ప్రారంభించినవారు, 1904లో హాలండ్ నుంచి గుంటూరు చేరిన జె.ఎం.జె. (యేసు, మరియ, యోసేపు) సభ మఠకన్యలు తమ వెంట పాఠ్యపుస్తకాలతో పాటు రోజును గడిపే ఒక పద్ధతిని కూడా తెచ్చారు. ఉదయాన్నే ప్రార్థన చేయడం, మధ్యాహ్నం గంట మోగితే రోజుకు మూడుసార్లు చేసే మరియమాత ప్రార్థన అయిన త్రికాల జపం కోసం చేతిలో పని ఆపడం, రోజు ముగిసే ముందు తన నడతను తాను తరచి చూసుకోవడం ఆ పద్ధతిలో భాగాలు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన బడుల్లో ఈ సంప్రదాయం సన్నగిల్లుతోందంటే దానికి ప్రధాన కారణం ఇతర మతాల పిల్లలు కాదు, బయటి ఒత్తిళ్లు కూడా అంతగా కాదు, ఏటా జూన్‌లో మనమే రాసుకునే టైంటేబుల్.

మన విద్యాసంవత్సరానికి పరీక్షలకు సంబంధం లేని మరో నడక కూడా ఉంది. నెలలో మొదటి శుక్రవారం దివ్యబలిపూజ (మాస్), అక్టోబరులో జపమాల, డిసెంబరులో యేసు పుట్టుకకు గుర్తుగా పిల్లలే గడ్డి తెచ్చి కట్టే పశువుల పాక, ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవం, ఆ తర్వాత ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలం, అందులో యేసు సిలువ యాత్రను స్మరించే సిలువ మార్గం ప్రార్థన. గుణదల కొండకు వచ్చేవారిలో తలనీలాలు సమర్పించి కొబ్బరికాయ కొట్టే హిందూ కుటుంబాలు ఎన్నో ఉంటాయి. మన తరగతి గదుల్లో కూర్చునే పిల్లలు ఆ ఇళ్ల నుంచే వస్తారు. తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు నుదుట బూడిద గుర్తుతో వచ్చిన విద్యార్థిని చూసి తెలుగు తరగతి గదిలో ఎవరూ ఆశ్చర్యపోరు. నలభై రోజుల తపస్సు కాలంలో మాంసం మానేసిన పిల్లవాడికి, నలభై ఒక్క రోజుల అయ్యప్ప దీక్షలో చెప్పులు కూడా లేకుండా నడిచే తోటి విద్యార్థి కష్టం చెప్పకుండానే అర్థమవుతుంది. రంజాన్ నెలలో మంచినీళ్లు సైతం ముట్టకుండా ఆటల పీరియడ్‌లో నిలబడే పిల్లవాడిని ఆ ఇద్దరూ గౌరవంగా చూస్తారు. ఈ సహవాసాన్ని ఏ పాఠ్యప్రణాళికా తయారు చేయలేదు, అది మనకు అయాచితంగా దొరికింది.

దొరికిన దాన్ని పోగొట్టుకోవడమూ తేలికే. 2024 ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లాలోని ఒక పాఠశాలలో హనుమాన్ దీక్ష దుస్తుల విషయమై మొదలైన వివాదం మదర్ థెరిసా విగ్రహంపై దాడి దాకా వెళ్లింది. ఆ దాడికి సమర్థన లేదు. కానీ దీక్షలో ఉన్న విద్యార్థి రేపు మన గేటు దగ్గర నిలబడితే ఏం చేయాలో ఇవాళే ఆలోచించుకుని, తల్లిదండ్రులతో ముందుగానే మాట్లాడి, స్పష్టమైన, దయగల ఒక నియమం పెట్టుకోవడం మన బాధ్యత. ఆ ఏడాదే భారత క్యాథలిక్ పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య మన బడులకు కొన్ని సూచనలు చేసింది. క్రైస్తవ ఆచారాలను ఇతర మతాల విద్యార్థులపై రుద్దవద్దని, అసెంబ్లీలో రాజ్యాంగ పీఠికను చదివించాలని, వీలైతే సర్వమత ప్రార్థనా మందిరం ఏర్పాటు చేయాలని అది కోరింది. వీటిని వెనకడుగుగా భావించిన వారితో నేను ఏకీభవించను. మన రాజ్యాంగంలోని 30వ అధికరణం అల్పసంఖ్యాక వర్గాలకు విద్యాసంస్థలు నెలకొల్పే హక్కు ఇస్తే, 28వ అధికరణం గుర్తింపు పొందిన పాఠశాలలో ఏ బాలుడూ ఏ బాలికా సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధకు గానీ ఆరాధనకు గానీ హాజరు కానక్కరలేదని చెబుతోంది. ప్రపంచ క్యాథలిక్ బిషప్పులు సమావేశమైన రెండో వాటికన్ మహాసభ సైతం క్రైస్తవ విద్య గురించిన ప్రకటనను, ఇతర మతాలలోని సత్యాన్నీ పవిత్రతనూ ఆదరించమన్న ప్రకటనను ఒకే రోజున, 1965 అక్టోబరు 28న వెలువరించింది. ఆ రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవమని ప్రతి ప్రధానోపాధ్యాయుడినీ వేడుకుంటున్నాను.

ఇక అసలు విషయం. చాలా పాఠశాలల్లో వారానికి ఒకటి రెండు పీరియడ్లు క్యాథలిక్ పిల్లలకు సత్యోపదేశం, అంటే క్యాథలిక్ విశ్వాస బోధ, మిగిలినవారికి నీతిబోధ ఉంటాయి. గంట కొట్టగానే పిల్లలు రెండు గదులుగా విడిపోతారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతమే కనుక, చాలాచోట్ల ఒక గదిలో కొద్దిమంది, రెండో గదిలో తరగతి అంతా మిగులుతారు. ఈ విభజన కొందరు పిల్లలను ఎంత ఇబ్బందిలో పెడుతుందో మనం తగినంతగా ఆలోచించలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవ మతంలో ఉన్న దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. మన రాష్ట్రాల్లో వారిని బీసీ-సీ కింద లెక్కిస్తారు, అక్కడ దక్కే రిజర్వేషను ఒక్క శాతం. అందువల్ల ఆదివారం గుడికి వెళ్లే కొన్ని కుటుంబాల పిల్లల పేర్ల పక్కన అడ్మిషన్ రిజిస్టరులో వేరే మతం ఉంటుంది. అలాంటి అమ్మాయి ఏ గదికి వెళ్లాలి? విశ్వాసం చెప్పే గదికి వెళితే స్కాలర్‌షిప్ భయం, వెళ్లకపోతే మనసులో అపరాధభావం. పదమూడేళ్ల పిల్లను తరగతి అందరి ముందూ ఈ కూడలిలో నిలబెట్టడం ఏ విశ్వాసానికీ శోభ కాదు. రిజిస్టరు చూసి పిల్లలను లేపి పంపే అలవాటును ముందు మానుకోవాలి.

సత్యోపదేశానికి సరైన స్థానం ఇల్లు, విచారణ గుడి (ఆ ప్రాంతపు చర్చి) అని నా అభిప్రాయం. బడిలో చెప్పదలిస్తే తరగతుల తర్వాత, ఇష్టంగా వచ్చేవారికి చెప్పవచ్చు. ఇందుకు కొందరు ఫాదర్‌లు నొచ్చుకుంటారని తెలుసు, అయినా చెప్పక తప్పదు. బడి వేళల్లోని ఆ పీరియడ్ మాత్రం అందరిదీ కావాలి. దానిలో ఏం చేయాలన్నదానికి కొత్తగా కనిపెట్టవలసిందేమీ లేదు. యేసుసభ (జెస్యూట్ల) స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన ఆత్మపరిశీలనను ఏ మతం పిల్లలైనా తమ దేవుడి ఎదుట చేసుకోవచ్చు. ఈ రోజు ఎవరి మేలు పొందాను, ఎవరిని నొప్పించాను, రేపు ఏం సరిదిద్దుకోవాలి అని అయిదు నిమిషాలు మౌనంగా కూర్చోవడం అది. యువ క్రైస్తవ విద్యార్థుల ఉద్యమం, అంటే మనం వై.సి.ఎస్. అని పిలుచుకునేది, బెల్జియం మతపెద్ద కార్డినల్ కార్డైన్ బోధించిన చూడడం, బేరీజు వేయడం, ఆచరించడం అనే క్రమంలో నడుస్తుంది. ఇతర మతాల విద్యార్థులూ చేరేందుకు మన దేశంలో దానికి జోడుగా వై.ఎస్.ఎం., అంటే యువ విద్యార్థుల ఉద్యమం ఉంది. మధ్యాహ్న భోజనం తెచ్చుకోలేని సహవిద్యార్థి గురించి, బడి ఊడ్చే ఆయమ్మ గురించి ఆ క్రమంలో మాట్లాడుకున్న తరగతికి వేరే నీతి పుస్తకం అవసరం అంతగా ఉండదు.

యేసుసభకు చెందిన పునీతుడు అలోషియస్ గొంజాగా 1591లో రోములో ప్లేగు రోగులకు సేవ చేస్తూ, అదే జబ్బు సోకి 23 ఏళ్లకే కన్నుమూశాడు. ఆయన పేరు పెట్టుకున్న బడులు దేశమంతటా ఉన్నాయి. 1973లో స్పెయిన్‌లోని వలెన్సియాలో యేసుసభ అధిపతి పెద్రో అరుపె తమ బడుల పూర్వ విద్యార్థులను ఎదురుగా కూర్చోబెట్టుకుని, న్యాయం కోసం నిలబడేలా మిమ్మల్ని తీర్చిదిద్దామా అని ప్రశ్నించి, లేదని తానే నిజాయితీగా జవాబు చెప్పారు. మనమూ మన పూర్వ విద్యార్థుల ముందు ఆ ప్రశ్న వేసుకోవలసి వస్తుంది.

అయితే ఇవన్నీ జరగాలంటే పీరియడ్ ఉండాలి కదా. తొమ్మిదో తరగతి దాకా ఎలాగో మిగిలే ఆ పీరియడ్, పదిలో దసరా సెలవులు అయ్యేసరికి గణితానికో భౌతికశాస్త్రానికో వెళ్లిపోతుంది. జనవరిలో స్పెషల్ క్లాసులు మొదలయ్యాక అసెంబ్లీ ప్రార్థన సైతం కుదించుకుపోతుంది. భయం, పోటీ, నిద్రలేమి పిల్లలను కుంగదీసే ఆ నెలల్లోనే మౌనంగా కూర్చునే అయిదు నిమిషాలు వాళ్లకు ఎక్కువ అవసరం. కాబట్టి నా విన్నపం ఇది. వచ్చే జూన్‌లో టైంటేబుల్ వేసేటప్పుడు పదో తరగతి నీతిబోధ పీరియడ్‌ను ముందు రాయండి, మిగిలిన సబ్జెక్టులను దాని చుట్టూ సర్దండి. వీలైతే దాన్ని ప్రధానోపాధ్యాయులే స్వయంగా తీసుకోండి. అప్పుడు ఏ సబ్జెక్టు టీచరూ దాన్ని అడగడానికి సాహసించరు. తల్లిదండ్రులు ఫలితాల గురించి అడిగితే, ఆ పీరియడ్ ఎందుకుందో వాళ్లను కూర్చోబెట్టి ఓపికగా చెప్పండి.