పూలదారం పెట్టి గీసిన ప్రయాణం

శ్రోతలందరికీ నమస్కారం.

ముప్ఫై రెండేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ టీచరుగా పనిచేశాను. తరగతి గోడకి వేలాడే ఐరోపా పటం మీద కర్ర పెట్టి, "ఇది రైన్ నది, ఇవి ఆల్ప్స్ పర్వతాలు" అని ఎన్ని వందలసార్లు చెప్పానో. కర్ర తగిలి తగిలి ఆ పటంలో స్విట్జర్లాండ్ ఉన్నచోట గుడ్డ బయటపడింది, పేరు కూడా చెరిగిపోయింది. రిటైరయ్యాక ఆ చోటికి వెళ్లొచ్చాను. మా వారూ నేనూ, ఇద్దరమే. మా వారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. మా అమ్మాయి జర్మనీలో ఎమ్మెస్ చదువుతోంది.

యూరప్ అంటే ప్యాకేజీ టూర్ తప్ప వేరే దారి లేదని, ఈ వయసులో సొంతంగా తిరగలేమని అనుకునేవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఈరోజు నేను మాట్లాడేది వాళ్లతోనే. అర్ధరాత్రి విజయవాడ జంక్షన్లో సామాను దింపుకుని, వంతెన ఎక్కి దిగి, వేరే ప్లాట్‌ఫారం మీద ఇంకో రైలు పట్టుకున్నవాళ్లు యూరప్‌లో నిక్షేపంగా తిరగగలరు. విమానం అక్కడికి చేరడానికి, అక్కడినుంచి ఇంటికి రావడానికి. మధ్యలో తిరగడం దాదాపు అంతా రైల్లోనే. నా అనుభవం మీద గట్టిగా చెబుతున్నాను.

మొదట ఒక ఏజెంటు ఇచ్చిన ప్లాన్ చూశాం. పన్నెండు రోజులు, ఏడు దేశాలు. మా వారు దాన్ని డ్యూటీ చార్టు చదివినట్టు చదివి, "ఇందులో బస్సులో కూర్చునేదే ఎక్కువ, ఊరు చూసేది తక్కువ" అని పక్కన పెట్టేశారు. తర్వాత డైనింగ్ టేబుల్ మీద అట్లాస్ పరిచి, పూలు కట్టే దారం తీసుకుని ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మొదలుపెట్టాం. దారం కొలోన్ మీదుగా పారిస్‌కి, అక్కడినుంచి జ్యూరిక్‌కి, ఆల్ప్స్ దాటి మిలాన్, వెనిస్. దారం తగలని ఊళ్లన్నీ వదిలేశాం. రోమ్ వదులుకోవడానికి నాకు మనసొప్పలేదు. రోమన్ సామ్రాజ్యం పాఠం అన్నేళ్లు చెప్పినదాన్ని. అయినా వదిలాం. యూరప్ ప్లాన్‌లో కష్టమైన పని ఏం చూడాలో రాసుకోవడం కాదు, ఏది కొట్టేయాలో తేల్చుకోవడం. ఒక్కో ఊళ్లో కనీసం రెండు రాత్రులు పెట్టుకోండి. ఒక్క రాత్రే ఉంటే పెట్టె విప్పడం, సర్దడంతోనే పొద్దుపోతుంది.

వీసా సంగతి క్లుప్తంగా చెబుతాను. 1985లో లక్సెంబర్గ్‌లోని షెంగెన్ అనే చిన్న ఊళ్లో, మోసెల్ నది మీద ఒక పడవలో అయిదు దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. ఇప్పుడు అందులో 29 దేశాలున్నాయి. ఒక్క వీసాతో అన్నీ తిరగొచ్చు. బ్రిటన్, ఐర్లండ్ మాత్రం అందులో లేవు, వాటికి వేరే వీసా. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. మేం అమ్మాయి దగ్గర కూడా ఉంటాం కాబట్టి జర్మనీకి పెట్టాం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, కనీసం పదిహేను రోజుల ముందైనా ఇవ్వాలి. ఆ పదిహేను రోజుల దాకా ఆగకండి, అనవసరమైన టెన్షన్. 30,000 యూరోలకి తగ్గని ప్రయాణ బీమా తప్పనిసరి. అన్నిటికంటే ముఖ్యం, హోటళ్ల తేదీలు, టికెట్ల తేదీలు ఒకదానికొకటి సరిపోవాలి. ఆ దారం పెట్టి గీసుకున్న ప్లాన్ ఇక్కడ మాకు చాలా పనికొచ్చింది.

ఇక సామాను. అక్కడ కూలీలుండరు. చాలా రైళ్లలో మెట్లెక్కి పెట్టె మనమే లోపలికి లాక్కోవాలి. మనిషికి ఒక పెట్టె, అదీ మీరు ఒంటి చేత్తో ఎత్తగలిగేది. ఆవకాయ గురించి అందరూ అడుగుతారు. చేతిసంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు, పచ్చడి కూడా వాళ్ల లెక్కలో ద్రవమే, వంద మిల్లీలీటర్లు దాటకూడదు. గట్టిగా ప్యాక్ చేసి పెద్ద పెట్టెలో వేసెయ్యండి. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. బయటి దేశాలనుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకురావడాన్ని యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు. ధృవపత్రం లేకుండా కరివేపాకు, మామిడిపళ్లు కూడా కుదరదు. అమ్మాయికోసం కరివేపాకు రెబ్బలు తడిగుడ్డలో చుట్టి పెట్టుకుని, ఈ సంగతి తెలిశాక తీసేశాను. బదులు కరివేపాకు పొడి కొట్టి తీసుకెళ్లాను.

ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో దిగాక ఊళ్లోకి వెళ్లక్కర్లేదు. ఆ విమానాశ్రయానికే ఒక పెద్ద రైల్వే స్టేషన్ ఉంది, దూరప్రాంతపు రైళ్లు చాలా అక్కడే ఆగుతాయి. పెట్టెలు తోసుకుంటూ ప్లాట్‌ఫారం చేరాం. మా వారు ముందు వైర్లు చూశారు, తర్వాత పట్టాలు చూశారు, ఆ తర్వాతే నావైపు చూశారు. గంటకి 300 కిలోమీటర్ల వేగం దాకా వెళ్లే రైలు, దాదాపు గంటలో కొలోన్. స్టేషన్ తలుపు దాటగానే ఎదురుగా కెథడ్రల్, అంటే పెద్ద చర్చి. 1248లో మొదలుపెట్టి 1880లో పూర్తిచేశారు. 157 మీటర్ల గోపురాలు. తల వెనక్కి వంచి చూస్తూ నిలబడిపోయాను, చేతిలో పెట్టె అలాగే ఉంది.

అక్కడ రైలెక్కే పద్ధతి గురించి రెండు మూడు మాటలు. ప్లాట్‌ఫారాన్ని జర్మనీలో గ్లైస్ అంటారు, ఇటలీలో బినారియో. ఈ రెండు మాటలూ రాసిపెట్టుకోండి. జర్మన్ స్టేషన్లలో గోడకి అంటించిన పసుపు కాగితం బయలుదేరే రైళ్లది, తెల్లది వచ్చే రైళ్లది. తెల్లకాగితం ముందు నిలబడి రైలు కనబడక కంగారుపడేవాళ్లని చూశాను. ప్లాట్‌ఫారం పొడవునా ఏ, బీ, సీ అని బోర్డులుంటాయి, మీ బోగీ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో తెరమీద చూపిస్తారు. రైలు ఆగగానే తలుపు తనంతట తాను తెరుచుకోదు. తలుపు మీద గుండ్రటి మీట ఉంటుంది, దీపం వెలిగాక నొక్కాలి. మొదటిరోజు మా ముందు తలుపు తెరుచుకోకపోతే గుండె జారిపోయింది. వెనకనుంచి ఒక పిల్లవాడు చెయ్యి చాపి నొక్కాడు.

జర్మన్ రైళ్లు గడియారంలా నడుస్తాయని మనవాళ్లు అంటుంటారు. అది పాతమాట. 2024లో అక్కడి దూరప్రాంతపు రైళ్లలో సమయానికి వచ్చినవి నూటికి 63 కూడా లేవు. ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యమే అనకుండా వేసిన లెక్క అది. అందుకని మధ్యలో రైలు మారాల్సి వస్తే కనీసం నలభై నిమిషాలు వదులుకోండి. ఆ నలభై నిమిషాల్లో ఒక కాఫీ తాగొచ్చు.

టికెట్ల దగ్గర మనకి కొత్తగా అనిపించేది ఒకటుంది. మన దగ్గర స్లీపర్ టికెట్ రెండు నెలల ముందు కొన్నా, రెండు రోజుల ముందు కొన్నా ఒకటే ధర. అక్కడి వేగపు రైళ్లకి విమానాల పద్ధతి, రోజులు దగ్గరపడేకొద్దీ ధర పెరుగుతుంది. ఇక యూరెయిల్ పాస్ అని ఒకటుంది. 1959లో మొదలైంది, ఇప్పుడు 33 దేశాల్లో చెల్లుతుంది. పాస్ ఉంటే అన్నీ ఉచితం అనుకోకండి. ఫ్రాన్స్ వేగపు రైళ్లలో, యూరోస్టార్ అనే రైళ్లలో సీటుకి మళ్లీ విడిగా కట్టాలి. మావి అయిదారు ప్రయాణాలే కాబట్టి ముందుగా విడివిడి టికెట్లు కొనడమే చవకపడింది. రోజు మార్చి రోజు రైలెక్కేవాళ్లకి పాస్ మేలు. కాగితం కలం తీసుకుని లెక్క వేసుకోవడానికి ఒక సాయంత్రం చాలు.

విమానంలో అయితే గంటంబావే కదా అంటారు. పారిస్ నుంచి జ్యూరిక్ సంగతే చూడండి. హోటల్ నుంచి ఎయిర్‌పోర్టుకి గంట, రెండు గంటల ముందు చేరడం, గంటంబావు గాల్లో, దిగాక సామాను, మళ్లీ ఊళ్లోకి. అయిదు గంటలు. గార్ ద లియోన్ స్టేషన్లో రైలెక్కితే నాలుగు గంటల్లో జ్యూరిక్ నడిబొడ్డున దిగుతాం. పైగా చవక విమానాలు దిగే ఎయిర్‌పోర్టులు ఊళ్లకి చాలా దూరం. పారిస్ పేరుతో టికెట్ అమ్మే బోవే విమానాశ్రయం పారిస్‌కి 80 కిలోమీటర్ల పైమాటే.

తిరుగు ప్రయాణంలో వెనిస్ నుంచి జర్మనీకి మేం కూడా ఒక చవక విమానం ఎక్కాం. గేటు దగ్గర నా చేతిసంచిని ఒక ఇనుప చట్రంలో పెట్టమన్నారు. మందులు, శాలువా, స్టీలు డబ్బా ఉన్న సంచి. రెండు వేళ్ల మందం పట్టలేదు. టికెట్ ధరకి దాదాపు సమానంగా కట్టించుకున్నారు. ఆ శాలువా కప్పుకుని ఉంటే సరిపోయేదని ఇప్పటికీ నాకు బాధే. అయితే విమానమే సరైన చోట్లూ ఉన్నాయి. మాడ్రిడ్ నుంచి లిస్బన్ వెళ్లాలన్నా, రోమ్ నుంచి ఏథెన్స్ వెళ్లాలన్నా రైలుతో పెట్టుకోవద్దు.

స్విట్జర్లాండ్‌లో మా మకాం లౌటర్‌బ్రున్నెన్ అనే లోయలో. దాదాపు 300 మీటర్ల ఎత్తునుంచి జలపాతం ఊళ్లోకే పడుతుంది. ఇంటర్‌లాకెన్ తూర్పు స్టేషన్లో రైలెక్కాలి. అక్కడ మా వారు ప్లాట్‌ఫారం గడియారం కింద నిలబడి కదల్లేదు. తెల్లటి ముఖం, నల్లటి గీతలు, ఎర్రటి సెకన్ల ముల్లు, దాని చివర గార్డు చూపించే సిగ్నల్ బిళ్లలా గుండ్రంగా ఒక బిళ్ల. హాన్స్ హిల్ఫికర్ అనే రైల్వే ఇంజనీరు 1940లలో రూపొందించిన గడియారం అది. ఆ ఎర్రముల్లు పన్నెండు దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. ఒక క్షణం. నిమిషాల ముల్లు టక్కున ఒక గీత ముందుకి గెంతాక మళ్లీ కదులుతుంది. "చూశావా, నిమిషం పూర్తయిందని ఖాయమయ్యాకే బయలుదేరుతుంది" అన్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన చేసిందీ అదే.

ఆ ధ్యాసలో ఒక పొరపాటు జరిగింది. ఆ రైలు దారిలో త్స్వైలూట్షినెన్ అనే చిన్న స్టేషన్లో రెండు ముక్కలవుతుంది. ఒకటి లౌటర్‌బ్రున్నెన్‌కి, ఇంకొకటి గ్రిండెల్‌వాల్డ్‌కి. మేం గ్రిండెల్‌వాల్డ్ భాగంలో కూర్చున్నాం. బోగీలో తెరమీద పేరు చూసి నేనే, "ఏవండీ, ఇది మన ఊరు కాదు" అన్నాను. ఆయన ఏమాత్రం కంగారుపడలేదు. "దారిలో రైలు నుంచి విడదీసే మన స్లిప్ కోచ్ లాంటిదే, విడదీసే దాకా టైముంది" అని ఆ స్టేషన్లో పెట్టెలు దింపి, ప్లాట్‌ఫారం వెంబడి నడిచి సరైన బోగీ ఎక్కించారు. అది మీటర్ గేజ్ లైను. మన దగ్గర దాదాపు కనుమరుగైపోయిన ఆ పట్టాల్ని చూసి ఆయన ముఖం వెలిగిపోయింది.

మర్నాడు యుంగ్‌ఫ్రాయోఖ్ అనే కొండ కనుమకి రైల్లో ఎక్కాం. 3,454 మీటర్లు, యూరప్‌లో అంత ఎత్తున ఇంకో రైల్వే స్టేషన్ లేదు. 1912లోనే కట్టారు, కొండ పొట్టలో ఏడు కిలోమీటర్లకి పైగా సొరంగం తవ్వి. టికెట్ ధర బాగా ఎక్కువ, ఆకాశం నిర్మలంగా ఉంటేనే కొనండి. పైన గాలి పలచన, పెద్దవాళ్లు మెల్లగా నడవాలి. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందే డాక్టరుని అడగాలి.

అక్కడినుంచి గొట్హార్డ్ కొండల మీదుగా ఇటలీకి దిగడానికి రెండు దారులున్నాయి. 2016లో తెరిచిన గొట్హార్డ్ కొత్త సొరంగం 57 కిలోమీటర్లు, ప్రపంచంలోకెల్లా పొడవైన రైలు సొరంగం. అందులోంచి వెళ్తే గంట దాకా కలిసొస్తుంది, కాని ఆల్ప్స్ ఉండవు, చీకటే ఉంటుంది. మేం పాతదారిన వెళ్లాం. రైలు కొండలోపల గుండ్రంగా తిరుగుతూ పైకి ఎక్కుతుంది. వాసెన్ అనే ఊళ్లో ఒక తెల్లటి చర్చి. మొదట అది మన తలపైన కనబడుతుంది. ఒక సొరంగం దాటాక కిటికీకి ఎదురుగా. ఇంకొకటి దాటాక కింద, అరచేతిలో పెట్టుకునేంత. అదే చర్చి. మూడుసార్లు చూస్తేగాని ఎంత ఎక్కామో తెలియదు. ఆ తర్వాత 1882 నాటి పాత సొరంగం, 15 కిలోమీటర్లు. దాన్ని తవ్వుతూ దాదాపు 200 మంది కూలీలు చనిపోయారు. తవ్వించిన లూయీ ఫావ్ర్ అనే ఇంజనీరు కూడా ఆ సొరంగంలోనే కూలిపోయి మరణించాడు. అది దాటినంతసేపూ మా వారు మాట్లాడలేదు. అవతల వెలుతురులోకి రాగానే స్టేషన్ పేర్లు ఇటాలియన్‌లోకి మారిపోయాయి.

వెనిస్ వెళ్లేవాళ్లకి ఒక్క జాగ్రత్త. మెస్త్రే అనే స్టేషన్ ముందొస్తుంది, "వెనిస్" అని బోర్డు కూడా ఉంటుంది. దిగకండి. అది ఒడ్డు మీది ఊరు. మేం కూర్చునే ఉన్నాం. రైలు మెల్లగా కదిలింది, రెండు పక్కలా నేల అయిపోయింది. 1846లో నీళ్ల మీద కట్టిన వంతెన, మూడు కిలోమీటర్లకి పైగా. కిటికీకి అటూ ఇటూ నీళ్లే. సాంతా లూచియా స్టేషన్లో దిగి బయటికొస్తే ఆటోలు లేవు, కార్లు లేవు, అసలు రోడ్డే లేదు. వెడల్పాటి మెట్లు, వాటి ముందు కాలువ, కాలువలో పడవలు.

మా వారు పెట్టె పక్కన పెట్టి మెట్టు మీద కూర్చున్నారు. స్టీలు డబ్బాలో అంతకుముందు రాత్రి కలిపిన పులిహోర ఉంది. మూత తీశాను.