కాలిఫోర్నియా చట్టసభలో పన్నెండేళ్ల లెక్క

మిత్రులారా,

మన దగ్గర ఎమ్మెల్యే ఇన్నిసార్లే గెలవాలన్న హద్దు లేదు. కుప్పంలో చంద్రబాబు నాయుడు గారు 1989 నుంచి 2024 దాకా వరసగా ఎనిమిదిసార్లు గెలిచారు. కాలిఫోర్నియాలో ఎంత ఆదరణ ఉన్నా 12 ఏళ్లు నిండితే ఇక చట్టసభ గడప తొక్కేది లేదు, జీవితకాలం అంతే.

అక్కడి అసెంబ్లీలో 80 మంది, సెనెట్‌లో 40 మంది. అసెంబ్లీ గడువు రెండేళ్లే. సెనెట్‌ది నాలుగేళ్లు, రెండేళ్లకోసారి సగం సీట్లకు ఎన్నిక. మన మండలిలా కాదు, సెనెటర్లందరినీ ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. మామూలు బిల్లుకు అసెంబ్లీలో 41, సెనెట్‌లో 21 ఓట్లు పడాలి. ఆ రోజు సభకు ఎందరొచ్చారన్నది లెక్కలోకి రాదు. కాబట్టి రాని సభ్యుడు కాదన్నట్టే. పన్ను పెంచాలంటే 54, 27 ఓట్లు కావాలి.

ఇక పరిమితి సంగతి. 1990లో ప్రజలు ప్రపోజిషన్ 140ని, అంటే నేరుగా జనం ఓటుకు పెట్టిన ఒక ప్రతిపాదనను, ఆమోదించారు. దాని ప్రకారం అసెంబ్లీలో మూడుసార్లు, అంటే 6 ఏళ్లు. సెనెట్‌లో రెండుసార్లు, 8 ఏళ్లు. రెండూ కలిపితే 14. చూడ్డానికి బాగానే ఉంది. చిక్కంతా ఆ ఆరేళ్లలోనే వచ్చింది. మొదటి రెండేళ్లు బడ్జెట్ పద్దులు, కమిటీల తీరు నేర్చుకోవడానికే సరి. నడుమ రెండేళ్లు పని. చివరి రెండేళ్లు ఏ సెనెట్ సీటు ఖాళీ అవుతుందా అని వెతుకులాట. పైగా అదే ప్రతిపాదన సభ ఖర్చులకు కూడా కోత పెట్టడంతో అనుభవమున్న సిబ్బంది తగ్గారు. బీమా బిల్లో, నీటి బిల్లో ముందుకొస్తే పాత సంగతులు ఎవరినడగాలి? సభలో తలపండినవాళ్లు లేరు, బిల్లుల్ని తమవైపు తిప్పుకోవడానికి సభ్యుల చుట్టూ తిరిగే లాబీయిస్టులు మాత్రం పాతవాళ్లే. విల్లీ బ్రౌన్ 1980 నుంచి 1995 దాకా స్పీకర్‌గా ఉన్నారు. ఆయన తర్వాత 2016 దాకా ఆ కుర్చీలో 11 మంది మారారు.

2012లో ప్రపోజిషన్ 28 వచ్చింది. మొత్తం 14 నుంచి 12 ఏళ్లకు తగ్గింది, కానీ ఆ పన్నెండూ ఒకే సభలో గడపొచ్చు. నా దృష్టిలో అసలు మార్పు ఇదే: మొత్తం గడువు తగ్గినా, ఒక చోట కుదురుకునే వీలు పెరిగింది. ఆ ఏడాదే తొలిసారి గెలిచిన ఆంథొనీ రెండన్ 2016 నుంచి 2023 దాకా స్పీకర్‌గా నిలిచారు.

ఇక్కడా లెక్క తప్పితే ఇబ్బందే. అసెంబ్లీలో నాలుగుసార్లు గెలిస్తే 8 ఏళ్లు. మిగిలిన 4 సరిగ్గా ఒక సెనెట్ గడువుకు సరిపోతాయి. ఐదోసారి కూడా అసెంబ్లీకే వెళ్తే మిగిలేది 2. నాలుగేళ్ల సెనెట్ గడువు అందులో పట్టదు. అందుకే సభ మారదలచుకున్నవాళ్లు ఎనిమిదో ఏడు దాటకముందే నిర్ణయించుకోవాలి. 2012లో గెలిచి వరసగా కొనసాగినవాళ్ల గడువు 2024తో తీరింది. ఆ బ్యాచ్‌తోపాటు రెండన్ కూడా ఇంటిదారి పట్టారు.