లంగరు కబుర్లు, ఎపిసోడ్ 41: అంబిలికల్స్ (అనుకున్నాం)

సుభద్ర: నమస్కారం. లంగరు కబుర్లకు స్వాగతం. ఎదురుగా కిరణ్ ఉన్నాడు, బయోడైవర్సిటీ జంక్షన్ దయవల్ల ఇప్పుడే వచ్చాడు.

కిరణ్: మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగమన్నారు, వినలేదు. మూర్తిగారి గొడుగు మాత్రం తెచ్చాను, చూడండి.

సుభద్ర: దాన్ని కెమెరాకు చూపించకు, ఆయన కూడా వింటారు. ఈరోజు అంబిలికల్స్, అంటే సముద్రం అడుగున ఉన్న బావులకు పైనుంచి వెళ్లే కేబుల్ కట్టలు. చాలామంది అడిగారు. నువ్వే చెప్పు.

కిరణ్: మన తీరం నుంచే మొదలుపెడతాను. కాకినాడ అవతల కృష్ణా-గోదావరి బేసిన్‌లో, కేజీ-డీ6 బ్లాకులో ఆర్-క్లస్టర్ అనే గ్యాస్ క్షేత్రం ఉంది కదా, 2020 డిసెంబరులో గ్యాస్ మొదలైంది. నీటి లోతు 2,000 మీటర్ల పైనే. దాన్ని సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న పాత ప్లాట్‌ఫాంకు కలిపారు. అంత లోతుకు డైవరు వెళ్లలేడు. వాల్వు తెరవాలంటే కరెంటు, సిగ్నల్, హైడ్రాలిక్ ద్రవం కిందికి చేరాలి. స్టీలు గొట్టాలు, రాగి తీగలు, ఆప్టికల్ ఫైబర్ అన్నీ కలిపి పేనిన కట్టే అంబిలికల్.

సుభద్ర: రసాయనాలు?

కిరణ్: అవి కూడా. అడుగున చలి, పైపు లోపల ఒత్తిడి. గ్యాసులో తేమ ఉంటే హైడ్రేట్, అంటే ఐసు లాంటి పదార్థం, గడ్డకట్టి పైపు మూసుకుపోతుంది. అలా జరగకుండా గ్లైకాలో మెథనాలో పంపుతారు. ఇక కొన్నిచోట్ల ప్లాట్‌ఫాం బదులు లంగరు వేసిన ఉత్పత్తి ఓడ ఉంటుంది; అంబిలికల్ ఆ ఓడలోకి ఎక్కే చోట అటూ ఇటూ వంగి అలసిపోతుంది. అందుకని అక్కడ వంపు మితిమీరకుండా ఆపే బెండ్ స్టిఫెనర్ తొడుగుతారు, పాలియురిథేన్‌తో చేసింది.

సుభద్ర: చూశావా, కేబులుకు ఆ మర్యాద ఉంది. లంగరు చెయిన్‌కు మాత్రం వంపు అనేదే లేదనుకున్నారు.

కిరణ్: అక్కా, వద్దు.

సుభద్ర: ఒక్క నిమిషం. అంగోలా దగ్గర జిరాసోల్ క్షేత్రం, 1,300 మీటర్ల పైచిలుకు లోతు. ఆయిల్ ఎక్కించుకునే ట్యాంకర్ల కోసం 2001లో ఒక బోయ్, అంటే నీటి మీద తేలే కట్టడం, చెయిన్లతో లంగరు వేసి కట్టారు. ఏడాది తిరగకుండానే దాని చెయిన్లు తెగాయి. పెద్ద తుఫాను కాదు, తుప్పు కాదు. తెగింది పైకొసన, బోయ్‌కి పట్టి ఉన్న లింకుల దగ్గర.

కిరణ్: మామూలుగా లింకు మీద లింకు దొర్లుతుందనుకుంటాం.

సుభద్ర: దొర్లదు! ఫ్యాక్టరీలో బలం పరీక్షకు ప్రూఫ్ లోడు వేసినప్పుడే రెండు లింకులు ఆనుకునే చోటు కొద్దిగా చదునవుతుంది. పైన అంత బిగువు ఉంటే రాపిడి లింకును కదలనివ్వదు. బోయ్ ఊగిన ప్రతిసారీ లింకు తిరగాల్సింది పోయి వంగుతుంది. చిన్న అలలే, రోజుకు వేల సార్లు. లాగుడు లెక్క వేసినవాళ్లు వంపు లెక్క వేయలేదు. చెయిన్ అంటే లాగుడే అని అందరికీ అంత నమ్మకం.

కిరణ్: అందుకే నేను పాలియెస్టర్ తాడు అంటాను. లోతు పెరిగేకొద్దీ చెయిన్ తన బరువునే మోసుకోవాలి. 100 మిల్లీమీటర్ల చెయిన్ మీటరుకు సుమారు 200 కిలోలు. 1,500 మీటర్లు వేలాడదీస్తే గాలిలో 300 టన్నులు. నీటిలో 13 శాతం తగ్గినా...

సుభద్ర: ఒక బుద్ధుడు!

కిరణ్: (నవ్వుతూ) అయిపోయింది. శ్రోతల్లారా, మన్నించండి.

సుభద్ర: నవ్వకు. హుస్సేన్‌సాగర్ బుద్ధుడు 300 టన్నుల పైమాటే. 1990 మార్చిలో పడవ ఒరిగి అడుగుకు జారిపోయాడు. 1992 చివరికి గానీ చెరువు మధ్య జిబ్రాల్టర్ రాయి మీద నిలబడలేదు. దాన్ని మన ఊళ్లో ఇప్పటికీ శకునం కథగా చెబుతారు. అది బరువూ సమతుల్యమూ కథ. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు, ఆ మాట ఎవరూ చెప్పరు.

కిరణ్: ఆ విషయంలో మీతో వాదన లేదు. వచ్చే ఎపిసోడ్‌లో కూడా ఉండదు, దాని తర్వాత కూడా ఉండదు.

సుభద్ర: సరే. నీ పాలియెస్టర్ సంగతి చెప్పు.

కిరణ్: నీటిలో బరువు చాలా తక్కువ. సాగుతుంది కాబట్టి అల దెబ్బను మింగుతుంది. 1990ల నుంచి బ్రెజిల్‌లో వాడుతున్నారు.

సుభద్ర: అడుగున ఇసుకలో ఆనితే?

కిరణ్: ఆననివ్వరు. రేణువులు లోపలికి చేరితే పోగులు కొరుక్కుపోతాయి. అందుకే కింద చెయిన్ ముక్క వేస్తారు.

సుభద్ర: పైన?

కిరణ్: ...పైన కూడా చెయినే. ఓడకు పట్టే చోట ఒరిపిడి, తాడు కాలంతో సాగితే బిగించుకునే వీలు...

సుభద్ర: అంటే జిరాసోల్‌లో తెగింది ఎక్కడ?

కిరణ్: పైకొసన. తెలుసు అక్కా. మీరు గెలిచారు, రాసుకోండి.

సుభద్ర: గెలుపు కాదయ్యా. మధ్యలో ఏ పట్టు తాడు వేసినా అసలు ప్రశ్న కొసల దగ్గరే మిగిలిపోతుంది. గచ్చిబౌలిలో ఏసీ గదిలో కూర్చుని లెక్క వేసే పిల్లలకు నేను మొదట అడిగేది ఇదే. నడిమి లాగుడు ఎంతో సాఫ్ట్‌వేర్ చెబుతుంది. కొసన ఏ కోణంలో పట్టుకున్నావో అడిగితే, ‘ఆ వివరం వేరే టీమ్ చూస్తుంది మేడం’ అంటారు.

కిరణ్: ఆ వేరే టీమ్ నేనే, ఒకప్పుడు.

సుభద్ర: (కొద్దిసేపు మౌనం) 2011 ఫిబ్రవరి గుర్తుందా? ఉత్తర సముద్రంలో గ్రిఫాన్ ఆల్ఫా అనే ఉత్పత్తి ఓడ.

కిరణ్: పది లంగరు లైన్లలో నాలుగు పోయాయి. ఒకటి తెగగానే ఓడ గాలికి ఎదురుగా నిలవలేక పక్కకు తిరిగింది, ఆ పైన మిగతా మూడు. ఒక లైను తెగినా తట్టుకోవాలని డిజైన్‌లో రాసుకుంటాం కదా. కాగితం మీద ఓడ తిన్నగానే నిలబడి ఉంటుంది. అడుగు నుంచి ఓడలోకి ఎక్కే గొట్టాలు, రైజర్లు కూడా దెబ్బతిన్నాయి.

సుభద్ర: మనుషులెవరూ పోలేదు, అదొక్కటే.

కిరణ్: రైజర్లు అనగానే గుర్తొచ్చింది, మల్కాజిగిరి నుంచి ఒక శ్రోత అడిగారు: ఫ్లెక్సిబుల్ రైజర్ మామూలు రబ్బరు గొట్టమేనా? కాదండీ. లోపల కార్కస్ అనే స్టీలు పంజరం, దాని మీద ప్లాస్టిక్ పొర, పీడనానికి ఒక కవచం, లాగుడుకు ఏటవాలుగా చుట్టిన తీగలు, పైన తొడుగు. తొడుగుకు చిల్లు పడితే నీరు తీగల మధ్యకు చేరుతుంది...

సుభద్ర: ఎక్కడ చిల్లు పడుతుంది ఎక్కువగా?

కిరణ్: అక్కా, మీరు అడుగుతున్నది ప్రశ్న కాదు.

సుభద్ర: చెప్పు.

కిరణ్: చాలా కారణాలు ఉంటాయి. బిగించేటప్పుడు, పక్క గొట్టం రాసుకున్నప్పుడు...

సుభద్ర: బెండ్ స్టిఫెనర్ లోపల?

కిరణ్: అంబిలికల్స్ ఎపిసోడ్ అన్నారు! ఇంకా సగం నోట్సు ఉంది నా దగ్గర, సూపర్ డ్యూప్లెక్స్ స్టీలు గొట్టాల వెల్డింగు గురించి...

సుభద్ర: రికార్డరు ఎర్రగా మెరుస్తోంది, కార్డు నిండినట్టుంది. ఆ గొడుగు ఇలా ఇవ్వు, బయట వాన...