గండికోట దారి, టైమింగ్ చైన్ తగవు

అన్న: నమస్కారం. కర్నూలు నుంచి మళ్ళీ మేమిద్దరమే. ఈ వారం గండికోట దారి. బనగానపల్లె, కోయిలకుంట్ల, జమ్మలమడుగు మీదుగా వెళ్ళాలి. ఎండ ముదరకముందే పెన్నా లోయ అంచుకు చేరాలి.

తమ్ముడు: బెలుం గుహలు కూడా చూసుకోవచ్చు.

అన్న: చూద్దాం. ముందు ఇది చెప్పు. బాగా నడుస్తున్న నీ హిమాలయన్ బండి ఇంజన్ హెడ్ విప్పిస్తున్నావట, ఎందుకు?

తమ్ముడు: టైమింగ్ చైన్ అనే గొలుసు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, అది జారే గైడ్లు, వాల్వ్ సీళ్ళు మార్పించడానికి. లడఖ్ వెళ్తున్నాను కదా.

అన్న: చెడిపోయాయా?

తమ్ముడు: లేదు. చెడిపోకముందే మార్చాలనే.

అన్న: నా పాత బుల్లెట్‌కు ఆ గొలుసే లేదు. వాల్వులను తెరిపించే క్యామ్‌ను పళ్ళ చక్రాలు తిప్పుతాయి, పుష్‌రాడ్లనే కడ్డీలు రాకర్లను లేపుతాయి. అంతే.

తమ్ముడు: మళ్ళీ పుష్‌రాడ్లు! నా బండిలో క్యామ్ హెడ్‌లోనే ఉంది. క్రాంక్ నుంచి అక్కడిదాకా గొలుసే తిప్పాలి. పిన్నులు అరిగేకొద్దీ గొలుసు సాగుతుంది, టెన్షనర్ జరిగి ఆ వదులును సరిచేస్తుంది. జరగడానికి ఇక చోటు లేనప్పుడు గొలుసు పన్ను దాటితే, వాల్వులు పిస్టన్‌కు తగులుతాయి.

అన్న: అంతకుముందే గలగలమంటుంది, వినే చెవి ఉండాలి. విప్పిన ప్రతిసారీ కొత్త లోపం రావచ్చు. అల్యూమినియంలో త్రెడ్లు పోతాయి, ప్యాకింగ్ దగ్గర ఆయిల్ కారుతుంది. బాగున్న ఇంజన్‌ను ఊరికే కెలకకూడదు.

తమ్ముడు: ఒప్పుకుంటాను. కానీ అన్నీ చెప్పి చెడవు. హార్లే ట్విన్ క్యామ్ 88 ఇంజన్ 1999 మోడళ్ళలో వచ్చింది. స్ప్రింగు టెన్షనర్ల ప్లాస్టిక్ లోపల్లోపలే అరిగేది, తునకలు ఆయిల్ పంపు దాకా వెళ్ళేవి. 2007 నుంచి టూరింగ్ బండ్లకు హైడ్రాలిక్ టెన్షనర్లు పెట్టారు. పాతవి ఉన్నవాళ్ళకు కవరు తీసి చూసుకోవడమే దారి. ఎగ్జాస్ట్ టాపెట్, అంటే పొగ బయటికి వదిలే వాల్వు దగ్గర ఉంచే సందు, దాని సంగతి ఇంకా ఘోరం. వదులైతే టకటకమంటుంది, బిగుసుకుంటే చప్పుడే ఉండదు! ఆ వాల్వు తన వేడిని ఎక్కువగా సీటుకే ఇస్తుంది, అదీ మూసుకున్న కాసేపే. పూర్తిగా మూసుకోకపోతే అంచు కాలిపోతుంది.

అన్న: అది నిజం. (ఆగి) చాలామంది నిశ్శబ్దాన్ని ఆరోగ్యం అనుకుంటారు. కానీ టాపెట్ చూడడానికి హెడ్ దింపనక్కరలేదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కవరు తీసి, సందు కొలిచే ఫీలర్ గేజ్ పెడితే చాలు.

తమ్ముడు: అది ఏ ఊళ్ళోనైనా చేయించుకోవచ్చు. లడఖ్ దారిలో జోజిలా కనుమ దగ్గర గొలుసు గైడు విరిగితే ఎవరు చూస్తారు?

అన్న: నా బండికి పుష్‌రాడ్ వంగితే దారిపక్కనే...

తమ్ముడు: అన్నా!

అన్న: సరే, సరే. మరి సీళ్ళు ఎందుకు? పొగ రావడం లేదు కదా.

తమ్ముడు: వచ్చింది. శ్రీశైలం ఘాట్‌లో థ్రాటిల్ మూసి దిగి, మళ్ళీ తెరవగానే నీలి పొగ కనిపించింది. వేడికి రబ్బరు గట్టిపడితే వాల్వు కాడ వెంట ఆయిల్ దిగుతుంది. హెడ్ దింపినప్పుడే అన్నీ వేస్తే కూలి ఒక్కసారే.

అన్న: ఆ మాట మొదటే చెప్పవద్దా! అయితే చేయించు. టెన్షనర్ కంపెనీదే వేయించు. పాత హెడ్ ప్యాకింగ్ మళ్ళీ వేయనివ్వకు. కొత్తది కొన్నావా?

తమ్ముడు: ఇంకా లేదు.

అన్న: దుకాణం కట్టేసే వేళైంది. లే, నా బండి మీదే వెళ్దాం.