హేస్టింగ్స్: హార్బర్ లేని చేపల ఊరు

హాయ్ అందరికీ, నమస్తే! ఈసారి వీడియో హేస్టింగ్స్ నుంచి. లండన్ చేరింగ్ క్రాస్‌లో రైలెక్కితే గంటన్నర, కాస్త అటూ ఇటూ. ఇంగ్లండ్‌లో బీచ్ అనగానే మనవాళ్లు చాలామంది బ్రైటన్ వెళ్లి, పియర్ (సముద్రంలోకి కట్టిన పొడవాటి వంతెన) మీద ఫొటోలు దిగి, సాయంత్రానికి ఇంటికొచ్చేస్తారు. ఒక్కరోజే టైముంటే నేనైతే ఇక్కడికే రమ్మంటాను. ఎందుకో నడుస్తూ చెప్తా. గాలి హోరు వినిపిస్తే ఏమనుకోకండి, మైకుకి ఏం తొడిగినా ఇక్కడ ఇంతే.

1066లో నార్మండీ నుంచి వచ్చిన విలియం ఇంగ్లండ్ రాజుని ఓడించిన హేస్టింగ్స్ యుద్ధం సంగతి ముందే తేల్చేద్దాం. పేరు ఈ ఊరిదే గానీ, యుద్ధం జరిగింది ఇక్కడికి పది కిలోమీటర్ల దూరంలో, ఇప్పుడు బ్యాటిల్ అని పిలిచే ఊళ్లో. అదిగో, కొండ మీద ఆ మొండి గోడలు విలియం కట్టించిన కోటవి. చూశారుగా, పదండి.

ఇదీ నేను చూపించాలనుకున్న చోటు, ది స్టేడ్. ఇసుక లేదు, అంతా గులకరాళ్లే. చెప్పుల్లేకుండా నడిస్తే చుక్కలు కనిపిస్తాయి. ఆ రాళ్ల మీద నిలబడినవి బొమ్మ పడవలు కావు, నిజంగా వేటకెళ్లే బోట్లు. ఈ ఊరికి హార్బర్ లేదు. 19వ శతాబ్దం చివర్లో కట్టడం మొదలుపెట్టి మధ్యలోనే వదిలేశారు, అప్పటి గోడ ముక్క ఇంకా సముద్రంలో ఉంది. అందుకని బోటుని వెనకనుంచి బుల్‌డోజర్‌తో నీళ్లలోకి నెడతారు, తిరిగొచ్చాక వించి అనే తాడు చుట్టే మెషీనుకి కట్టి పైకి లాగుతారు. మాది భీమిలి. అక్కడ పడవకి మనుషులు భుజం పెట్టి ఇసుక మీదికి తోయడం చూస్తూ పెరిగాను. పనిముట్లు వేరు గానీ, అలని చూసుకుని సరైన క్షణానికి తొయ్యడం మాత్రం రెండుచోట్లా ఒకటే. యూరప్‌లో ఇలా ఒడ్డు మీదనుంచే వేటకెళ్లే బోట్లు ఎక్కువగా ఉన్నది ఇక్కడేనట. అన్నీ చిన్నవే, పది మీటర్ల లోపు. పెద్ద ట్రాలర్లతో పోలిస్తే వీళ్లు ఇన్ని చేపలే పట్టాలని ఇచ్చే కోటా తక్కువని ఎప్పట్నుంచో గొడవ.

ఈ నల్లటి చెక్క గదులు చూడండి, అగ్గిపెట్టెలు నిలబెట్టినట్టున్నాయి కదా! వీటిని నెట్ షాప్స్ అంటారు, కానీ ఏమీ అమ్మరు. వలలు, తాళ్లు దాచుకునేవి. అప్పట్లో వలలు నూలువి, జనపనారవి. తడిగా ఉంటే కుళ్లిపోయేవి. కొండకీ సముద్రానికీ మధ్య జాగా తక్కువ కాబట్టి ఒక్కొక్కరికీ 8, 9 అడుగుల చదరం మాత్రమే దక్కేది. పక్కకి జరగలేక పైకి కట్టుకున్నారు. చెక్క పాడవకుండా తారు పూశారు, అదే ఈ నలుపు. పక్కనే ఫిషర్‌మెన్స్ మ్యూజియం. 1854లో జాలర్ల కోసం కట్టిన చర్చి అది, 1956లో మ్యూజియం అయింది. గోడ పగలగొట్టి మరీ ఒక తెరచాప పడవని లోపలికి తెచ్చి పెట్టారు! టికెట్ లేదు, హుండీలో తోచింది వేస్తే చాలు.

పియర్ అటు ఉంది. 2010లో తగలబడింది, 2016లో మళ్లీ తెరిచారు, మరుసటి ఏడాది మంచి కట్టడాలకిచ్చే స్టిర్లింగ్ ప్రైజ్ కూడా వచ్చింది. అవార్డు సరే, నాకు మాత్రం ఖాళీ మైదానంలా ఉంది.

ఈ ఊరివాళ్లకి వేషాల పిచ్చి. మే నెల మొదటి సోమవారం సెలవుకి జాక్ ఇన్ ది గ్రీన్ అని చేస్తారు. ఒంటినిండా ఆకులు కప్పుకున్న మనిషిని డప్పులతో ఊరేగించి, చివర్లో ఆకులు పీకేసి వేసవిని విడిపించామంటారు. మొహాలకి ఆకుపచ్చ రంగు పూసుకున్న తాతలు, బామ్మలు పబ్బుల ముందు గంతులేస్తుంటారు. 2012లో అయితే 14,231 మంది సముద్రపు దొంగల వేషాలు కట్టి ప్రపంచ రికార్డు కొట్టారు. పనీపాటా లేదా అనిపిస్తుంది గానీ, చలికాలంలో సాయంత్రం నాలుగింటికే చీకటి పడే ఊళ్లో ఉంటే మనమూ ఏదో ఒక వేషం కడతాం!

లండన్ నుంచి వచ్చి ఇళ్లు కొనుక్కునేవాళ్లని ఇక్కడ డీఎఫ్ఎల్ అంటారు, డౌన్ ఫ్రమ్ లండన్ అని. వాళ్ల వల్ల అద్దెలు పెరిగాయని కోపం. కాఫీ షాపుల్లో రేట్లు చూస్తే ఆ కోపం న్యాయమే.

సరే, చివరిగా చేపలు. రాక్-ఎ-నోర్ రోడ్డు మీద ఈ షెడ్లలో అమ్ముతారు. ప్లేస్, డోవర్ సోల్ అనే బల్లపరుపు చేపలు, సీ బాస్, మాకెరెల్. మాకెరెల్ అంటే మన కానాగంతల చుట్టమే, పులుసుకి సరిపోతుంది. సీ బాస్ కూడా ఒకటి తీసుకున్నా. పెద్దాయన తల కోసి పక్కన పడేయబోతుంటే, "అయ్యో, అది కూడా ఇవ్వండి" అన్నాను.

"పిల్లికా?" అన్నాడు.

"కాదండీ, మా ఆయనకి!"

ఒక్క క్షణం నన్ను చూసి, ఇంకో రెండు తలలు ఊరికే సంచిలో వేసిచ్చాడు.