బ్రిటిష్ నౌకాదళపు రమ్ము సామాన్లలో కొనదగినది ఏది?

నమస్కారం. ఈసారి నా బల్ల మీదున్నవి రాయల్ నేవీ తన నావికులకు రోజూ రమ్ము పోసిన కాలం నాటివి. పుల్లల అల్లిక తొడిగిన గాలన్ జాడీ, ఒక రాగి కొలత పాత్ర, ఇత్తడి అక్షరాల ఓక్ పీపా. మూడూ ఒక సేకర్త అరువిచ్చారు. అందరి కళ్లూ పీపా మీదే పడతాయి. నా ఓటు మాత్రం రాగి కొలతకే.

ఎందుకంటే ఆ తంతు అంతా కొలత మీదే నడిచింది. 1731 నిబంధనల్లో గాలన్ బీరుకు బదులు మనిషికి అర పైంటు రమ్ము. నీళ్లు కూడా కలపకుండా! అది తాగి తాడు నిచ్చెనలెక్కి తెరచాపలు సర్దాలి. 1740లో అడ్మిరల్ ఎడ్వర్డ్ వెర్నన్ ఒక పాలు రమ్ముకు నాలుగు పాళ్ల నీళ్లు కలిపి, రెండు విడతలుగా ఇవ్వమన్నాడు. అదే గ్రాగ్. 19వ శతాబ్దంలో రెండుసార్లు సగానికి సగం కోసి, చివరికి పైంటులో ఎనిమిదో వంతు, 71 మిల్లీలీటర్ల దగ్గర ఆపారు. ఆ రమ్ములో ఆల్కహాలు 54 శాతం పైమాటే. ఇరవై ఏళ్లు నిండనివారికి లేదు, వద్దన్నవారికి రోజుకు మూడు పెన్నీలు.

ఇక ఈ పాత్ర. మన సోల, గిద్దల్లా వీటిలోనూ చిన్నా పెద్దా వరుస ఉంది. అంచు దగ్గర తనిఖీ ముద్ర, రాజు పేరు పొడి అక్షరాలు వెతకండి. అవి లేకపోతే ఏ హోటల్ నుంచి వచ్చిందో చెప్పలేం.

పీపా మీద రాణిని దేవుడు దీవించాలని ఇంగ్లీషులో రాసి ఉంది. అందంగానే ఉంది. కానీ కొత్త పీపాకు ఇత్తడి అక్షరాలు బిగించడం ఎంత పని? పత్రాలు లేనిదే డబ్బు పెట్టకండి.

జాడీకి అసలు కథ 1970 జూలై 31 తర్వాత మొదలైంది. ఆ రోజుతో రమ్ము ఆగిపోయింది, నావికులు నల్ల పట్టీలు కట్టుకున్నారు. మిగిలిన జాడీల్లోని సరుకునే 2010లో బ్లాక్ టాట్ పేరుతో సీసాలకెత్తి అమ్మారు. సీలు తీయని జాడీ ధనవంతుల ముచ్చట. ఖాళీది చాలు, అల్లిక చెదరకుండా ఉంటే మరీ మంచిది.

రాగి కొలత కొన్నవారికి ఒక మాట: చింతపండు పెట్టి తళతళా తోమకండి. ముద్ర అరిగితే ధర కూడా దానితోనే పోతుంది.